ముందుకు జరిగిన విందులు

తమ్ముడు జాకుప్‌కు యాభై ఎనిమిదేళ్లే. అయినా వాడి అరవై ఏళ్ల విందు ఈ మే నెలలోనే జరిగిపోవాలని కుల్యాష్ పట్టుబట్టింది. పాస్‌పోర్టులో పుట్టిన సంవత్సరం తప్పు పడిందనీ, సోవియట్ రోజుల్లో గుమాస్తా తాగి రాశాడనీ చుట్టాలందరికీ చెప్పింది. సాక్ష్యానికి పక్కవీధి ముసలమ్మను తెచ్చి కూర్చోబెట్టింది. ఆ ముసలమ్మకు తను పుట్టిన సంవత్సరమే గుర్తులేదు. ఉన్నట్టుండి రెండేళ్లు మీద పడ్డాయని జాకుప్ నాలుగు రోజులు దిగులుపడ్డాడు.

ఈ నాటకమంతా షాపు కోసం. జర్కెంట్ అనే చిన్న ఊళ్లో బజారు పక్కనున్న సూపర్‌మార్కెట్‌కు కుల్యాష్ పద్నాలుగేళ్లుగా మేనేజరు. కంపెనీ ఆఫీసు దూరాన అల్మాటీ నగరంలో ఉంది. ఏప్రిల్ మొదటి వారంలో ఏరియా సూపర్‌వైజర్ ముఖిత్ వచ్చి, ఆమెను పిండి బస్తాల చాటుకు పిలిచి ఒక మాట చెవిన వేశాడు.

"మూసేసే షాపుల జాబితా తయారైందక్కా. అందులో నీ షాపు పేరుంది. జూన్ లోపల అమ్మకాలు పెంచావంటే ఎలాగోలా ఆ పేరు కొట్టేయిస్తా. ఇది మనిద్దరి మధ్యే ఉండాలి. బయటికి పొక్కితే నా ఉద్యోగం పోతుంది."

కుల్యాష్ పింఛనుకు ఇంకా రెండేళ్లుంది. తన కింద ఆరుగురు ఆడవాళ్లు పనిచేస్తున్నారు, వాళ్లలో నలుగురి ఇళ్లలో సంపాదించే దిక్కు వేరే లేదు. అల్మాటీలో అద్దాల మేడలో కూర్చునే పెద్దలకు జర్కెంట్ ఏ దిక్కున ఉందో కూడా తెలియదు. వాళ్లకు తెలిసిందల్లా కంప్యూటర్ తెర మీది అమ్మకాల గీత. అది పైకి పోతే షాపు ఉంటుంది, కిందికి దిగితే ఊడుతుంది. ఆ గీతను పైకి లేపే దారి కుల్యాష్‌కు తెలుసు. జర్కెంట్‌లో మామూలు రోజుల్లో జనం రొట్టె, పాలు కొంటారు. ఇంట్లో విందంటే బండి నిండా కొంటారు.

అంతే, కాళ్లకు చక్రాలు కట్టుకుని చుట్టాలిళ్లన్నీ తిరిగింది. ఈసారి మంచు ముందే పడుతుందట అని వియ్యాలవారిని హడలగొట్టి, అక్టోబరుకు అనుకున్న మేనకోడలి పెళ్లిని జూన్‌కు లాగింది. వచ్చే ఏడు చూద్దాంలే అని వదిలేసిన ముగ్గురు పిల్లల సున్తీలు ఒకే వారంలో చేయించింది. పిల్లలు తొలి అడుగు వేసినప్పుడు కాళ్లకు తాడు కట్టి కోసే వేడుకను ఏడు నెలల మనవడికి జరిపించింది. వాడికి ఇంకా కూర్చోవడమే రాదు. ఇద్దరు చంకల కింద పట్టుకుని నిలబెట్టారు, తాడు కోశారు, మిఠాయిలు చల్లారు. వాడు గుక్కపట్టి ఏడ్చి నిద్రపోయాడు.

మిఠాయి, టీ, నూనె, పిండి అన్నీ తన షాపులోనే కొనాలని షరతు. ఇంకెక్కడైనా కొంటే విందు గడప తొక్కనంది. ఇంటి పెద్దావిడ రాని విందు నలుగురిలో నగుబాటు కాబట్టి అందరూ లోలోపల తిట్టుకుంటూనే తలొంచారు.

జూన్ ఆఖరుకు అమ్మకాలు రెట్టింపయ్యాయి. జాబితాలోంచి పేరు కొట్టేశారని ముఖిత్ ఫోన్ చేశాడు. కుల్యాష్ ఆరుగురినీ పిలిచి, ఎందుకో చెప్పకుండా కేకు కోసి పెట్టి, పక్కకు తిరిగి కళ్లు తుడుచుకుంది. ఉత్తమ సూపర్‌వైజర్ పతకం ముఖిత్‌కే వచ్చిందని విని నిజంగా సంతోషించింది. ఇంత మంచివాడికి రాక ఇంకెవరికి వస్తుంది అనుకుంది.

జూలై వచ్చింది. చుట్టాల్లో పెళ్లి కావలసిన పిల్ల లేదు, సున్తీ కావలసిన పిల్లాడు లేడు, అరవై నిండవలసిన మగాడూ లేడు. జరగవలసినవన్నీ జరిగిపోయి జనం ఇళ్లలో రొట్టె తిని పడుకుంటున్నారు. సెప్టెంబరు దాకా షాపులో ఈగలు తోలుకున్నారు. అక్టోబరులో అల్మాటీ నుంచి ఉత్తరం వచ్చింది. షాపు మూసేస్తున్నారు.

తాళాలు తీసుకోవడానికి ముఖిత్ స్వయంగా వచ్చాడు. ఆరుగురు ఆడవాళ్లు గోడవారగా నిలబడ్డారు. కుల్యాష్ తాళాలు గుప్పిట్లోనే పట్టుకుని నిలదీసింది.

"ఒకసారి కొట్టేసిన పేరు మళ్లీ జాబితాలోకి ఎలా ఎక్కింది ముఖిత్?"

ముఖిత్ కోటు జేబులోనూ ఒక ఉత్తరం ఉంది, ఈ నెలతో అతని ఉద్యోగం ఆఖరని. ఇక దాచుకుని బావుకునేదేమీ లేదు.

"అప్పుడు జాబితా అంటూ ఏదీ లేదక్కా," అన్నాడు నేల చూస్తూ. "నా టార్గెట్ అందేలా లేదని నా కిందున్న పదకొండు షాపులకీ అదే మాట చెప్పాను, జూలై నుంచి పదకొండింట్లోనూ అమ్మకాలు ఒకేసారి పడిపోయేసరికి అల్మాటీలో మొట్టమొదటిసారి జాబితా రాశారు."