కదులుతున్న పెదాలు

"మీరు లేచి బయటికి వెళ్లాలమ్మా," అన్నారు రుపెర్టో సర్.

బాస్కెట్‌బాల్ కోర్టు నిండా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్న తల్లులూ తండ్రులూ ఒక్కసారిగా నెనిత వైపు తిరిగారు.

"నేనేం చేశాను సర్?"

"అభ్యంతరం వచ్చింది. ప్రశ్న చదివినప్పుడల్లా మీ పెదాలు కదులుతున్నాయి, వేళ్లు కదులుతున్నాయి. పాప పలక మీద రాసే ముందు మీ వంకే చూస్తోంది."

"ఇది జపమాల సర్! పూసలు తిప్పుతున్నాను." ఒళ్లోని మాల ఎత్తి చూపించింది నెనిత. "నేను చదివింది నాలుగో తరగతి. దానికి నేను జవాబులు అందిస్తానా?"

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు.

"నాకు తెలుసమ్మా. అయినా చివరి ప్రశ్న అయ్యేదాకా గేటు బయట ఉండండి. అంతా సవ్యంగా జరుగుతుంది."

సవ్యంగా జరగడమా! పెద్దమనుషులు ఆ మాట అన్నప్పుడల్లా ఏదో ఒకటి చెడుతుందని నెనితకు తెలుసు. ప్రతి శనివారం ఇదే కోర్టులో రుపెర్టో సర్ వాడలోని పిల్లలకు ఊరికే లెక్కలు చెబుతారు. ఇవాళ గెలిచిన ఒక్కరినే ప్రావిన్స్ లెక్కల పోటీకి పంపుతారు. పొద్దున్నుంచి వడపోయగా మిగిలింది ఇద్దరు, సరిసమానంగా. ఒకరు ఆమె కూతురు జోవెలిన్. రెండోవాడు ఎడెల్మిరా కొడుకు రెంజ్.

ఎడెల్మిరా పక్క కుర్చీలోనే ఉంది, విసనకర్ర ఊపుకుంటూ.

"నువ్వేగా చెప్పింది?" అంది నెనిత, పళ్ల బిగువున.

"నాకేం ఖర్మ?"

"నీ కొడుకు ఓడిపోతాడని భయం."

"చాల్లే నెనితా! వాడలో ఎవరు పోయినా మీ తల్లీకూతుళ్లు వెళ్లి తొమ్మిది రాత్రులూ ప్రార్థన నడిపిస్తారు. నీ గొంతు వింటేనే నాకు అగరొత్తుల వాసన వస్తుంది. నిన్ను కదిలించే ధైర్యం నాకెక్కడిది?"

మళ్లీ నవ్వులు. నెనిత కూతురి వైపు చూసింది. జోవెలిన్ తల వంచుకుని పలకని మోచేత్తో తుడుస్తోంది. మొహంలో నెత్తురు చుక్క లేదు. అయిపోయింది, పిల్ల బెదిరిపోయింది, ఇంక చెయ్యలేదు అనుకుంటూ నెనిత గేటు దాటింది.

బయట వాన. చేప ఉండలు వేయించే బండి వాడు గొడుగు కాస్త ఇటు జరిపాడు. "ఏంటక్కా, గెంటేశారా?"

"నోరు ముయ్యి. మైకు వినబడనీ."

మైకు గరగరలాడింది. "చివరి ప్రశ్న. ఒక వీధిలో వంద ఇళ్లు. ఒకటి నుంచి వంద దాకా నంబర్లు పెయింటుతో రాయాలి. ఏడు అనే అంకెని మొత్తం ఎన్నిసార్లు రాయాలి?"

నెనిత వేళ్లు విప్పింది. ఏడు, పదిహేడు, ఇరవైఏడు... తొంభైఏడు దాకా లెక్కపెట్టేసరికి చేతివేళ్లన్నీ అయిపోయాయి. పది! ఇంత తేలికా? దేవుడా, ఇంత తేలికైనదాన్ని పిల్ల తప్పు చేస్తే?

"పలకలు ఎత్తండి," అంది మైకు. "రెంజ్, పంతొమ్మిది. జోవెలిన్, ఇరవై."

ఇద్దరూ తప్పే. అందులోనూ పంతొమ్మిదే పదికి దగ్గర.

"అయిపోయింది తమ్ముడూ," అంది నెనిత బండి కర్ర పట్టుకుని. "నేను ఎదురుగా ఉంటే అది ఇలా రాసేదే కాదు."

రేకుల మీద వాన హోరు పెరిగింది. లోపల ఏం చెబుతున్నారో వినబడలేదు. తర్వాత ఒక్కసారిగా చప్పట్లు. ఎవరికి? రెంజ్‌కే. ఇంకెవరికి? ఎడెల్మిరా ఇప్పుడు ఆ విసనకర్రతో వీధంతా ఊరేగుతుంది. జోవెలిన్ మూడు రోజులు అన్నం ముట్టదు, జ్వరం తెచ్చుకుంటుంది, ఇంక లెక్కల వైపే చూడదు.

"అమ్మా!"

జోవెలిన్ వానలో పరుగెత్తుకొచ్చింది. మెడలో పతకం.

"నీకా? కానీ జవాబు పది కదే!"

"డెబ్బైల్లో ముందు కూడా ఏడు ఉంటుందమ్మా. వాటిని వదిలేశావు. రెంజ్ అవీ లెక్కపెట్టాడు గానీ, డెబ్బైఏడులో ఒక్కసారే వేసుకున్నాడు."

నెనిత కూతుర్ని గట్టిగా హత్తుకుంది. ఆ వెంటనే గేట్లోంచి కొడుకు భుజం మీద చెయ్యేసి వస్తున్న ఎడెల్మిరాకు అడ్డంగా వెళ్లి నిలబడింది.

"ఏం ఎడెల్మిరా? నన్ను బయటికి పంపించి ఏం సాధించావు? నా ప్రార్థన గోడలు దాటి వెళ్లింది చూడు!"

"నేను చెప్పలేదన్నానుగా తల్లీ! కావాలంటే నీ చేతిలో ఉన్న ఆ మాల మీద ఒట్టు."

"అబద్ధం! మరి ఎవరు చెప్పినట్టు?"

జోవెలిన్ తల్లి చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఆంటీని అనకమ్మా. సర్‌కి చెప్పింది నేనే."

"నువ్వా?"

"నీ పెదాలు చూస్తే తెలిసిపోయింది. కంగారులో నువ్వు చదివేది శవం దగ్గర చదివే ప్రార్థన. పోయినవాళ్ల పేరు చెప్పాల్సిన చోటల్లా నా పేరు చెబుతున్నావు."