పెళ్లి ఉంగరంతో గీసిన బొమ్మ

ఇంటింటికీ బంధాల పొయ్యి వచ్చాక కాకినాడలో వజ్రానికి విలువ పోయింది. బొగ్గు వేసి మీట నొక్కితే చాలు, అందులోని కర్బన పరమాణువులు పట్టు మార్చుకుని వజ్రమై బయటికొచ్చేవి. జనం బొగ్గు అయిపోయాక పెన్సిళ్లు కూడా పొయ్యిలో పోశారు. స్నానాల గదుల్లో వజ్రాలు పరిచి, వాటి మీదే జారిపడి నడుములు విరగ్గొట్టుకున్నారు.

బొమ్మలు వేసే సర్వమంగళకు ఊరంతా తిరిగినా పెన్సిల్ ముక్క దొరకలేదు. చివరికి తన పెళ్లి ఉంగరంలోని వజ్రపు రాయి ఊడబీకి, పొయ్యిలో పెట్టి మీట వెనక్కి లాగింది. రాయి నల్లటి పెన్సిల్ ముక్కై బయటికొచ్చింది.

భర్త పట్టాభి పరుగెత్తుకొచ్చాడు. "ఏంటే ఆ పని? అది మన పెళ్లినాటిది!"

"అదే కర్బనమండీ, ఎక్కడికీ పోలేదు. వజ్రంలో ఒక్కో పరమాణువూ చుట్టూ నలుగురిని గట్టిగా పట్టుకుని కదలనివ్వదు. పెన్సిల్లో పొరకీ పొరకీ మధ్య పట్టు వదులు. అందుకే కాగితం మీద గీత పడుతుంది."

"అంటే మన బంధం వదులైపోయినట్టేనా?"

"కాసేపు కదలకుండా కూర్చోండి, మీ బొమ్మ వేస్తాను."

పట్టాభి బిగుసుకుని కూర్చున్నాడు. బొమ్మ చూసి, ముక్కు పెద్దదైందని గొణిగాడు గానీ, దాన్ని వీధి గదిలోనే తగిలించి వచ్చినవాళ్లందరికీ చూపించాడు.

వారం తిరిగేసరికి వీధిలోని ఆడవాళ్లంతా ఉంగరాల రాళ్లను పెన్సిళ్లు చేసుకున్నారు. వాటిని అద్దాల పెట్టెల్లో పెట్టి, గీస్తే అరిగిపోతాయని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు.