సామి పటం వెనక కార్డు

సామి పటం వెనక సింహాద్రి యూ.ఎన్. శరణార్థి కార్డు ఉంది.

అక్కడ పెట్టింది నేనే. గిన్నెలు కడిగే కుర్రాడు, జేబులో ఉంటే తడిసి పాడైపోతుందని.

బర్మా నుంచి పారిపోయి వచ్చాడు. అక్కడ కుర్రాళ్ళను ఇళ్ళలోంచి లాక్కెళ్ళి సైన్యంలో వేస్తున్నారట. వాడి అన్నను అలాగే తీసుకుపోయారు. మళ్ళీ కనబడలేదు.

మొదటి రోజు ఇక్కడ మలేషియాలో, క్లాంగ్‌లోని మా భోజనాల కొట్టు ముందు నిలబడి, "పిన్నీ, పనేటైనా ఉందేటి?" అన్నాడు.

నా గుండె ఝల్లుమంది. మా పిల్లలకే సరిగ్గా రాని తెలుగు! వాళ్ళ తాతలు మనవైపు నుంచే బర్మా వెళ్ళారట.

మా అత్త దాలమ్మ సంగతి చెప్పక్కర్లేదు. రోజూ సాయంత్రం వాడికి దగ్గరుండి అన్నం పెట్టి, కబుర్లు చెప్పించుకునేది. "నా మనవడే లా" అని, ఇక్కడి మలయ్ 'లా' తగిలించి మరీ, వచ్చినవాళ్ళందరికీ చూపించేది.

నిన్న మిట్టమధ్యాహ్నం ఇమిగ్రేషన్ వాళ్ళు వచ్చారు. అత్త మేడ మీద నిద్రలో ఉంది.

వెనక గుమ్మం దగ్గర వాడి రెక్క పట్టుకున్నారు.

"పిన్నీ! నా కార్డు తెచ్చీండి. నేకపోతే పంపించేస్తారు పిన్నీ!"

ఆఫీసరు నావైపు తిరిగాడు. "మీ మనిషేనా? ఏమంటున్నాడు?"

కార్డు తెచ్చిస్తే, నీ దగ్గర ఎందుకుందంటాడు. ఆ కార్డువాళ్ళను పనిలో పెట్టుకోకూడదు. కొట్టు మూయిస్తారు. ఇవన్నీ ఎంత చురుగ్గా తట్టాయో, నా పాడు బుర్రకి!

"తినడానికి వచ్చినట్టున్నాడు. వాడి భాష నాకు తెలీదు" అన్నాను, మలయ్‌లో.

సింహాద్రి అరవడం మానేశాడు.

నన్నే చూస్తూ, భుజం మీది గిన్నెల గుడ్డ తీసి బల్ల మీద పెట్టాడు.

వాడిని ఎక్కించిన లారీ కదలడానికి పావుగంట పట్టింది. సామి పటం నాకు నాలుగడుగుల దూరంలో ఉంది. నేను కదల్లేదు. థూ, ఏం మనిషిని!

సాయంత్రం అత్త కిందికి దిగి, వాడి పళ్ళెంలో అన్నం పెట్టుకుని కూర్చుంది.

"ఏటే ఉమా, ఆడింకా రానేదేటి? కూడు సల్లారిపోతంది."

"తెలీదు" అన్నాను. అదీ మలయ్‌లోనే వచ్చింది.

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది.

"తెలుగులో సెప్పవే" అంది.