తారాదేవికి చింతపండు

మా ఆవిడ అమృతం పోయాక ఈ అడిలైడ్ ఇంట్లో రాగి తోమడం తెలిసిన మనిషి లేదు. మా కోడలు కరోలిన్‌కి అసలే తెలియదు.

"మావయ్యా! ద్వారకానాథ్ అంకుల్ బొమ్మని ఏం చేశారు?"

"చింతపండేసి తోమాను. మన దేవత కాకపోయినా మకిలి మకిలే."

ద్వారకానాథ్ ఇక్కడి యూనివర్సిటీలో లెక్చరర్. పంతొమ్మిది వందల తొంభైలో ఇల్లు మారుతూ, నేపాల్ నుంచి తెచ్చుకున్న బౌద్ధుల తారాదేవిని మా దగ్గర ఉంచాడు. రాగి బొమ్మ, పైన బంగారు పూత. ఇప్పుడు ఒళ్ళంతా ధగధగలాడుతోంది. ముఖం మాత్రం చెంబులా ఎర్రగా తేలింది.

"ఆయన బొమ్మ కోసం ఈ మధ్యాహ్నమే వచ్చేస్తానన్నారు! ఆ బొమ్మంటే ప్రాణం ఆయనకి."

బెల్లు మోగింది. లోపలికొచ్చిన ద్వారకానాథ్ బొమ్మని చూసి నిలబడిపోయాడు. నేను నోరు తెరిచేలోగా కరోలిన్ ముందుకొచ్చింది.

"సారీ అంకుల్, నేనే తోమాను."

ఆయన బొమ్మని కిటికీ దగ్గర తిప్పి తిప్పి చూశాడు.

"ఒంటి పూత బంగారాన్ని పాదరసంలో కలిపి నిప్పుల మీద కాల్చింది, పోదమ్మా. ముఖానికి మాత్రం బంగారం పొడి జిగురుతో పూస్తారు. అది పోయింది. పర్లేదు, అక్కడి భక్తులు మళ్ళీ మళ్ళీ పూయిస్తుంటారు, నేనూ పూయిస్తాను. కానీ ఆ ఒళ్ళు చూడు! ఏళ్ళనాటి దీపాల మసి వదిలిపోయింది. ఇంత బాగా తోమడం ఎవరు నేర్పారు?"

తోమింది నేను. చేతులింకా మండుతున్నాయి. ఆ మెప్పు నాదనాలంటే ముఖం చెడగొట్టిందీ నేనే అనాలి.

"మావయ్యగారు రోజూ చెబుతుంటారు అంకుల్, అత్తయ్య ఇలాగే తోమేవారని."

అమృతం ఉన్నన్నాళ్ళూ నేను ఒక్క చెంబు తోమలేదు. కరోలిన్‌కి అది తెలుసు. తెలిసీ ఆయన ముందు ఆ మాట అనలేదు.

ఈ ఇంట్లో తోమడం గురించి నేనిక నోరెత్తను.