పాలు తాగిన తమ్ముడు

జోర్డాన్ రాజధాని అమ్మాన్‌లోని మా నర్సరీ బడిలో ఒక్క సీటే మిగిలింది. వెయిటింగ్ లిస్టులో హనాన్ కొడుకుది పందొమ్మిదో నంబరు.

"ఇక్కడ చదివే పిల్లల తోబుట్టువులకే ముందు ఇస్తారుగా మిస్. మావాడు మీ దగ్గర కూతుర్ని చదివిస్తున్న విజ్దాన్ పాలు తాగాడు. మన ఇస్లాంలో ఒకే తల్లి పాలు తాగితే తోబుట్టువులే, ఆవిడ కూతురికి తమ్ముడి కిందే లెక్క," అంది హనాన్.

కూతురి కోసం వచ్చిన విజ్దాన్ గుమ్మంలోనే ఆగింది. "నా పాలు తాగే వాడికి జబ్బులొచ్చాయని వీధంతా చాటావు. ఇవాళ తమ్ముడయ్యాడా?"



"ఇచ్చారా, లేదా? అది చెప్పండి చాలు," అన్నాను విజ్దాన్‌తో విసుగ్గా.

"ఈవిడ ఆస్పత్రిలో పడున్న నలభై రోజులూ ఇచ్చాను. రాసుకోండి."

పందొమ్మిది కొట్టేసి ఒకటి వేశాను. హనాన్ ఆమె చెయ్యి పట్టుకోబోయింది. విజ్దాన్ విదిలించుకుంది.

"నేను పాలిచ్చింది వాడికి. నీకు కాదు."