రేసు ట్రాకు మీద బామ్మర్ది

"గీ ఫొటో ఎప్పటిదిరా?" అడిగాను.

నాచారం కంపెనీ ట్రైనింగుకు పంపితే జర్మనీ వెళ్లొచ్చిన నా బామ్మర్ది ఉమాశంకర్, ఫొటోలో అక్కడి పేరుమోసిన రేసు ట్రాకు మీద కారు నడుపుతూ నవ్వుతున్నాడు.

"అక్క దవాఖానాల ఉన్నప్పటిది, బావా."

"సెలవు దొరకలేదంటివి! మీద పుట్టింటి చీర కప్పే తమ్ముడు లేక, నేను కొన్న చీరతోనే కాటికి పంపితిమి గదరా మీ అక్కను."

"గట్ల చెప్పమన్నది అక్కనే. 'చిన్నప్పటి సంది గదే కలగంటివి, నడిపినంకనే రా' అన్నది."

"నాకెందుకు చెప్పలే?"

వాడు తల దించుకున్నాడు. "'ఇన్నేండ్లు అన్నీ మీ బావనడిగే జేసిన, గిదొక్కటి అడగకుంట జేస్త' అన్నది."

"అన్నప్పుడు ఏడ్చిందా?"

"లేదు బావా. మస్తు నవ్వింది."

వాణ్ణి ఇంట్లోంచి పొమ్మన్నాను.