మూడంగుళాల మనిషి

"ఏంటయ్యా, మేం బొమ్మలు కొనేవాళ్లలా కనపడుతున్నామా?" అంది దీనమ్మ.

"అమ్మడానికి కాదండి. మీకిద్దామనే తెచ్చాను," అన్నాడతను.

ముక్కూ మొహం తెలియని మనిషి. ఎడం చెయ్యి భుజం దాకా లేదు. ఉన్న ఒక్క చేత్తోనే కర్ర రైలును అరుగు మీద దింపాడు. ఇంజను, రెండు పట్టాలు, వాటి కింద వంతెన, దాన్ని మోస్తూ లావుపాటి స్తంభం.

దీనమ్మ అత్తగారు జ్ఞానమ్మకు చూపు సరిగ్గా ఆనదు. దగ్గరికి జరిగి బొమ్మను తడిమి చూసింది.

"ముద్దుగా ఉంది నాయనా. ఎవరు చెక్కారు?"

"నేనేనండి. కాళ్లతో పట్టుకుని చెక్కుతాను. అసలు పట్టాల మధ్య ఎడం అయిదున్నర అడుగులు కదండి, ఇందులో మూడంగుళాలు. ఇంజనైనా మనిషైనా అంతా ఆ లెక్క ప్రకారమే."

దీనమ్మ మొహం మాడిపోయింది. అయిదున్నర అడుగులన్న మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు.

ఆమె మొగుడు జీవరాజు సరిగ్గా అంత పొడుగు. పిఠాపురం వైపు రైలు దారి వేస్తున్నప్పుడు, కొలకర్ర కనపడకపోతే మేస్త్రీ అతన్నే పట్టాల మధ్య పడుకోబెట్టేవాడట. తల ఒక పట్టాకి, మడమలు ఇంకో పట్టాకి. పట్టాల ఎడాన్ని గేజీ అంటారు కాబట్టి తోటివాళ్లు గేజీ జీవరాజు అనేవారు. అదేదో బిరుదైనట్టు ఇంటికొచ్చి చెప్పుకుని మురిసిపోయేవాడు.

ఏటి అడుగున వంతెన స్తంభానికి పునాదిగా నుయ్యి తవ్వుతుండగా వరదొచ్చింది. వరద తీశాక జీవరాజు లేడు, శవమూ దొరకలేదు. ఆ వారమే కాకినాడలో రంగూను ఓడ కూలీలను ఎక్కించుకుని వెళ్లింది. లోకం నోటికి తాళం వేసేదెవరు? పెళ్లాన్ని వదిలి ఓడెక్కేశాడన్నారు. వినగా వినగా దీనమ్మా నమ్మింది. చర్చిలో అతని కోసం ఎవరూ ప్రార్థన చెయ్యలేదు. ఆమె తల వంచుకుని చివరి వరసలో కూర్చునేది.

"మనిషైనా అన్నావు. మనుషులేరి ఇందులో?" జ్ఞానమ్మ అడిగింది.

అతను స్తంభం వైపు చెయ్యి చాచాడు. "అది చెప్పడానికే వచ్చానండి. మీ ఊరు తెలియక ఇన్నాళ్లూ తిరిగాను. జీవరాజు గారు..."

దీనమ్మ చివ్వున లేచింది.

"రంగూను నుంచి వాడు పంపాడా నిన్ను? బొమ్మిచ్చి బుజ్జగించడానికి మేం పసిపిల్లలమా?"

"కాదమ్మా, ఒక్క మాట వినండి."

"వాడి పేరెత్తితే చీపురు తిరగేస్తాను. ముందు అరుగు దిగు."

అతను ఉన్న ఒక్క చెయ్యీ గుండె మీద పెట్టుకుని తల వంచాడు. స్టేషను వైపు నడిచి వెళ్లిపోయాడు.

దీనమ్మ కోపం చల్లారలేదు. బొమ్మను ఎత్తి వాకిట్లోకి విసిరికొట్టింది.

పట్టాలు చెక్కుచెదరలేదు గానీ స్తంభం మూత ఊడింది. లోపలంతా డొల్ల, నూతిలా. అందులోంచి ఓ కర్ర మనిషి దొర్లి వచ్చాడు.

దీనమ్మ వంగి తీసింది. ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు, ఆ మనిషిని బొమ్మ పట్టాల మధ్య పడుకోబెట్టింది.

తల ఒక పట్టాకి తగిలింది. మడమలు ఇంకోదానికి తగిలాయి. వెంట్రుకవాసి తేడా లేదు.



"అత్తా, ఈయన ఓడెక్కలేదు. నూతిలోనే ఉండిపోయాడు."

జ్ఞానమ్మ అరుగు దిగి వాకిలంతా తడిమింది. స్తంభంలోంచి రాలిన ఇంకో బొమ్మ ఆవిడ చేతికి తగిలింది. మొదటివాడి భుజాల మీద రెండు గుంటలు చెక్కి ఉన్నాయి. ఆవిడ ఆనించి చూస్తే రెండోవాడి పాదాలు వాటిలో ఇట్టే ఇమిడిపోయాయి. తను నీళ్లలో నిలబడి, ఎవరినో భుజాల మీద నిలబెట్టి పైకి తోశాడన్నమాట.

"ఎవర్నే నా కొడుకు బయటికి పంపింది?" అంది జ్ఞానమ్మ.

స్టేషనులో రైలు కూత వేసి కదిలింది.

దీనమ్మ రెండో బొమ్మను అందుకుని వెలుగులోకి తిప్పింది. దానికి ఎడం చెయ్యి లేదు.